చింతగింజల లెక్క

మొన్న దీపావళి రాత్రి సైనిక్‌పురిలో మా ఇంటి వరండాలో కూర్చున్నాను. వీధిలో పిల్లలు టపాకాయలు కాలుస్తున్నారు. మతాబుల పొగ వాసన వేరు, చిచ్చుబుడ్డి వాసన వేరు. గట్టిగా పేలిన టపాకాయ దగ్గర కాసేపు కదలకుండా నిలబడే మందు వాసన వేరు. ఈ చివరిది ముక్కుకి తగిలిందంటే చాలు, నేనిక్కడ ఉండను. తొమ్మిదేళ్ళ పిల్లనై ఆగ్రాలో, ఖేరియా ఎయిర్‌ఫీల్డ్ దగ్గర మా క్వార్టర్ మెట్ల మీద స్వెట్టర్ చేతులు కిందికి లాక్కుంటూ నిలబడి ఉంటాను.

కాన్‌బెర్రా బాంబర్ ఇంజిన్ తిప్పడానికి అప్పట్లో పెద్ద తూటా లాంటిది ఒకటి పేల్చేవారు. కార్ట్రిడ్జ్ స్టార్టర్ అంటారు. ముందు ఢబ్బుమని ఒక శబ్దం, వెంటనే చెవులు కోసే ఈల, ఇంజిన్ కిందనుంచి బుస్సుమని నల్లటి పొగ. రెండు ఇంజిన్లు కాబట్టి ఒక్కో విమానానికి రెండుసార్లు. గాలి మా వైపు తిరిగి ఉంటే కాసేపటికి ఆ మందు వాసన వంటింటి కిటికీలోంచి వచ్చేది. అమ్మ పోపు గరిట పట్టుకుని అలాగే ఆగిపోయేది. "ఒకటి" అనేది. మళ్ళీ రెండు శబ్దాలు వినపడితే "రెండు" అనేది. పోపు మాడిపోయేది.

పండగ మర్నాడు పొద్దున్నే చండీగఢ్ నుంచి ఫోనొచ్చింది. ఆంటీ రాత్రి నిద్రలోనే వెళ్ళిపోయారట. నాన్నతో కలిసి ఎగిరిన పైలట్ అంకుల్ భార్య ఆవిడ. అంకుల్, నాన్న, అమ్మ ఒకరి తర్వాత ఒకరు ముందే వెళ్ళిపోయారు. ఆ నలుగురిలో మిగిలిన ఒక్క మనిషీ ఇక లేరు. కబురు విన్న దగ్గర్నుంచి నా మనసు ఒకచోట నిలవడం లేదు. వాళ్ళ గురించి నాకు తెలిసింది నేను రాసిపెట్టకపోతే ఇంకెవరూ రాయరు.

*

నాన్నది తెనాలి. లెక్కలంటే ప్రాణం. ఎయిర్‌ఫోర్స్‌లో చేరి, నావిగేటర్ ట్రైనింగ్ అయ్యాక ఆగ్రాలో కాన్‌బెర్రాల మీద వేశారు. మనవాళ్ళు 1957లో ఇంగ్లండ్ నుంచి తెచ్చుకున్న జెట్ బాంబర్ అది. 1961లో గోవాలో దబోలిం రన్‌వే మీద బాంబులు వేసింది అదే. ఐక్యరాజ్యసమితి తరఫున కాంగో వెళ్ళింది అదే. 1965 యుద్ధంలో రాత్రివేళ పెషావర్ దాకా వెళ్ళొచ్చింది కూడా అదే. పేపర్లలో విమానం గురించే రాసేవారు. మా ఇంట్లో మాత్రం కాన్‌బెర్రా అంటే ఇద్దరు మనుషులు.

పైలట్ పైన, ఎడమ పక్కకి జరిపి పెట్టిన గాజు బుడగలో కూర్చుంటాడు. నావిగేటర్ కింద, విమానం ముక్కులో ఉంటాడు. ఇరుకు చోటు, చిన్న బల్ల, మ్యాపు, పెన్సిలు, గుడ్డి దీపం. బాంబులు వేసే సమయానికి ముందుకి పాకి, బోర్లా పడుకుని, కిందికి చూస్తూ గురి చెప్పాలి. ఎగిరినంతసేపూ హెడ్‌ఫోన్లలో వినపడే గొంతే ఆ ఇద్దరినీ కలిపి ఉంచేది. "స్కిప్పర్ ఊపిరి తీసే తీరుని బట్టి విమానాన్ని ఎటు తిప్పబోతున్నాడో నాకు తెలిసిపోతుంది" అనేవారు నాన్న. ఆయన్ని అంకుల్ పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. ఎప్పుడూ "నావ్" అనే. ఏళ్ళ తరబడి ఒకే జోడీ. సెలవులు కూడా ఒకేసారి పెట్టుకునేవారు, ఒకరు లేకుండా ఇంకొకరు వేరేవాళ్ళతో ఎగరాల్సి వస్తుందని.

1971 యుద్ధానికి ముందు ఏడాది కాబోలు, స్క్వాడ్రన్‌లో కుటుంబాల్ని పిలిచి విమానాలు చూపించారు. మేమంతా వెళ్ళాం. ఒక కుర్ర ఆఫీసరు ఆడవాళ్ళకి పైలట్ సీటు గురించి వివరిస్తున్నాడు. ప్రాణం మీదికి వస్తే హ్యాండిల్ లాగితే చాలట, సీటు మనిషితో సహా పైకి ఎగిరిపోతుందట, పారాచూట్ దానంతటదే తెరుచుకుంటుందట. అమ్మ శ్రద్ధగా వింది. తనకొచ్చిన కొద్దిపాటి హిందీలో, "మా వారి సీటుకి ఆ హ్యాండిల్ ఎక్కడుంది?" అని అడిగింది.

ఆ కుర్రాడు మాట్లాడలేదు. నాన్న బూట్ల వైపు చూసుకున్నారు.

ఆ రకం కాన్‌బెర్రాలో నావిగేటర్‌కి ఎగిరే సీటు లేదు. పైలట్‌కి మాత్రమే ఉంది. నావిగేటర్ అయితే పారాచూట్ ప్యాక్ ఛాతీకి తగిలించుకోవాలి, సీట్లోంచి లేవాలి, చీకట్లో పక్కనున్న తలుపు దాకా పాకాలి, తలుపు వదిలించుకుని దూకాలి. విమానం తిన్నగా ఎగురుతున్నంతసేపే ఇదంతా కుదిరేది. దాన్ని అలా తిన్నగా పట్టుకుని ఉండాల్సింది పైలట్. ఆయన తన హ్యాండిల్ లాగేస్తే కిందున్నవాడి పని అయిపోయినట్టే.

అంకుల్ అప్పుడు అమ్మ ముందుకి వచ్చి నిలబడ్డారు. ఆరడుగుల సర్దార్జీ, అమ్మ ఆయన భుజం దాకా కూడా రాదు. "భాభీజీ, ముందు తను దూకుతాడు. తను దూకాడని నాకు తెలిశాకే నా చెయ్యి ఆ హ్యాండిల్ మీదికి వెళ్తుంది" అన్నారు. అంతే. ఒట్టు పెట్టలేదు, రెండోసారి అనలేదు.

ఆ మాట మీదే అమ్మ ఆ తర్వాత నిద్రపోగలిగింది. కానీ చాలా ఏళ్ళ తర్వాత నాతో ఒక సంగతి చెప్పింది. "ఆయన ఆ మాట ఇచ్చినప్పుడు దీదీ నా పక్కనే ఉందే. చున్నీ కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. నేను ఆయన మొహమే చూశాను. ఆవిడ మొహం చూడాలని నాకు తోచలేదు."

*

వాళ్ళ క్వార్టర్ మా పక్కదే. మధ్యలో నడుము ఎత్తు కంచె. అమ్మ ఆవిడని దీదీ అనేది, ఆవిడ అమ్మని ఛోటీ అనేవారు. మొదటి ఆరు నెలలూ ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. తెనాలి నుంచి వచ్చిన అమ్మకి పంజాబీ యాస అర్థమయ్యేది కాదు. అమ్మ హిందీ ఆవిడకి అర్థమయ్యేది కాదు. కంచె మీదుగా అటూ ఇటూ తిరిగిన ఒక స్టీలు గిన్నెతోనే వాళ్ళ స్నేహం మొదలైంది.

అమ్మ పెళ్ళిలో పుట్టింటివారు పెట్టిన గిన్నె అది, మూతతో సహా. అంచు కింద చుక్కలు చుక్కలుగా తెలుగులో పేరు చెక్కించి ఉంటుంది. మొదటిసారి గోంగూర పచ్చడి పెట్టి పంపింది. మనకి ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని ఒక పట్టింపు ఉంది కదా, వాళ్ళకీ ఉందని ఆ రోజు తెలిసింది. గిన్నె నిండా పిన్నీలు వచ్చాయి. నెయ్యి, గోధుమపిండి, బెల్లం, బాదంపప్పు వేసి చుట్టే లడ్డూలు. ఆ నేతి వాసన గిన్నె మూత తీయగానే ఇల్లంతా వచ్చేది. ఇక ఆ గిన్నె ఏ ఇంట్లోనూ రెండు రోజులు ఉన్నది లేదు. చలికాలంలో సర్సోం సాగ్ వచ్చేది, ఉగాదికి బొబ్బట్లు వెళ్ళేవి. అంకుల్ ఆవకాయని పరాఠాలో పెట్టుకుని తినేవారు, కళ్ళలో నీళ్ళు కారుతున్నా ఆపేవారు కాదు.

ఆంటీ ఆ చెక్కిన అక్షరాల మీద వేలు రాస్తూ, "ముత్యాలు పేర్చినట్టున్నాయి. ఏం రాసుంది?" అని అడిగేవారు. అమ్మ సిగ్గుపడి, "ఊరికే, పేరు" అనేది. పేరేమిటో ఎప్పుడూ చదివి చెప్పలేదు.

*

1971 చలికాలం. నవంబరులోనే క్వార్టర్ల ముందు కందకాలు తవ్వారు. కిటికీ అద్దాలకి మందపాటి కాగితాలు అంటించాం. కార్లకీ స్కూటర్లకీ లైట్ల పై సగం నల్ల రంగు పూశారు. స్కూల్లో సైరన్ మోగితే చెవుల్లో దూది పెట్టుకుని, పళ్ళ మధ్య రుమాలు పెట్టుకుని బోర్లా పడుకోవడం నేర్పారు. తాజ్‌మహల్‌ని గోనెగుడ్డలతో, ఆకులు కొమ్మలతో కప్పేశారు. వెన్నెల్లో పాలరాయి మెరిసి పైనున్న శత్రువుకి దారి చూపిస్తుందని. ఊళ్ళో అందరూ దాని గురించే చెప్పుకునేవారు.

నాన్న మమ్మల్ని తెనాలి పంపేస్తానన్నారు. అమ్మ, "దీదీ వెళ్తే నేనూ వెళ్తాను" అంది. అంకుల్ ఆంటీని లూధియానా వెళ్ళమన్నారు. ఆవిడ, "ఛోటీ వెళ్తే నేనూ వెళ్తాను" అన్నారట. ఇద్దరూ ఒకరితో ఒకరు అనుకోకుండానే ఒకే మాట అన్నారు. ఇద్దరూ ఉండిపోయారు.

డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన ఎయిర్‌ఫీల్డుల మీద పడ్డాయి. ఆ రాత్రి ఆగ్రా మీదా బాంబులు పడ్డాయి. కందకంలో అమ్మ నన్నూ తమ్ముణ్ణీ తన చీర కొంగు కింద పెట్టుకుంది. ఆంటీ వాళ్ళబ్బాయి మీద దుప్పటి కప్పి, తను పైన వంగి కూర్చున్నారు. నేల అదిరింది. నోట్లోకి మట్టి వచ్చింది. ఎత్తున పౌర్ణమి దాటిన చందమామ, ఏ మాత్రం దాపరికం లేకుండా. నాకు చందమామ మీద కోపం రావడం జీవితంలో అదొక్కసారే. అర్ధరాత్రి దాటాక రేడియోలో ఇందిరాగాంధీ గొంతు వచ్చింది. మన కాన్‌బెర్రాలు కూడా ఆ రాత్రే బయల్దేరాయి.

ఢబ్, ఈల. ఢబ్, ఈల. మందు వాసన.

అమ్మ వామనగుంటల పీట తెచ్చింది. అందులోని చింతగింజలు ఒళ్ళో పోసుకుంది. విమానం ఒకటి పైకి లేచినప్పుడల్లా ఒక గింజ నేల మీద పెట్టింది. లాంతరు వత్తి బాగా తగ్గించి, చుట్టూ అట్ట పెట్టి, ఆ కాస్త వెలుగులో గింజలు వరసగా. ఆంటీ గోడకి ఆనుకుని అల్లిక సూదులు పట్టుకుని కూర్చున్నారు. ఆ రాత్రి నుంచి యుద్ధం అయ్యేదాకా ఆవిడా వాళ్ళబ్బాయీ మా ఇంట్లోనే పడుకున్నారు. పడుకున్నది పిల్లలం మాత్రమే. అమ్మ ఆంజనేయ దండకం లోపల్లోపలే చదువుకునేది, ఆవిడ వాళ్ళ ప్రార్థన. రెండు గొంతులూ ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా పక్కపక్కనే నడిచేవి. తెల్లవారుజామున దూరంగా విమానం దిగే చప్పుడు వినపడితే అమ్మ ఒక గింజ తీసి మళ్ళీ ఒళ్ళో వేసుకునేది. అన్ని గింజలూ లేచిపోయాక ఆంటీ లేచి టీ పెట్టేవారు. అంతకు ముందు టీ అన్న మాట ఎవరూ ఎత్తేవారు కాదు.

పగలు వేరే భయం ఉండేది. అది జీపు చప్పుడు. స్క్వాడ్రన్ కమాండింగ్ ఆఫీసర్ గారి జీపు క్వార్టర్ల లైన్లోకి తిరిగిందంటే ప్రతి ఇంటి తలుపు వెనకా ఒక మనిషి నిలబడేది. జీపు ఎవరింటి ముందు ఆగుతుందో అని కాదు. ఆయన పక్కన ఆయన భార్య కూర్చుని ఉన్నారా లేదా అని. ఆవిడ కూడా వస్తే అది ఇంకో రకం కబురు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. అమ్మ చూపు జీపులో కుడి సీటు మీంచి ఎడమ సీటుకి మారడం చూసి తెలుసుకున్నాను.

*

ఒక రాత్రి ఒక గింజ మిగిలిపోయింది.

ఎన్నో రాత్రో గుర్తు లేదు. మూడోదో, నాలుగోదో. ఆరు గింజలు పెట్టింది అమ్మ. మూడున్నర ప్రాంతంలో మెలకువ వచ్చి చూస్తే నేల మీద రెండున్నాయి. నేను చూస్తుండగానే ఇంకొకటి లేచింది. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. అమ్మ దండకం ఆపేసింది. ఆంటీ చేతుల్లో సూదులు కదలడం లేదు. ఆ గింజ ఎవరిదో ఇంకా ఎవరికీ తెలియదు. లైన్లో ఎన్ని ఇళ్ళలో ఎంతమంది అలా కూర్చున్నారో. ఆంటీ చెయ్యి చాపి అమ్మ మోకాలి మీద పెట్టారు. అమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. తెల్లవారేదాకా అలాగే ఉన్నారు.

వెలుగొచ్చాక జీపు వచ్చింది. మా ఇంటి ముందే ఆగింది. అమ్మ తలుపు తీయలేదు, కిటికీ కాగితం అంచు కొద్దిగా ఎత్తి చూసింది. చూసి, "ఒక్కరే వచ్చారు" అంది. తెలుగులోనే అంది. ఆంటీకి అర్థమైంది. గోడ పట్టుకుని కిందికి జారి కూర్చుండిపోయారు.

విమానానికి దెబ్బ తగిలిందట, పంజాబ్‌లో ఇంకో ఎయిర్‌ఫీల్డ్‌లో దిగారట, ఇద్దరూ క్షేమమట.

జరిగిందేమిటో నాన్న ఎప్పుడూ వరసగా చెప్పలేదు. నేను పెద్దయ్యాక ముక్కలు ముక్కలుగా విన్నదే. కింద నుంచి కాల్చిన కాల్పుల్లో కుడి ఇంజిన్ దెబ్బతింది. అంకుల్ దాన్ని ఆపేశారు. ఒక్క ఇంజిన్‌తో కాన్‌బెర్రాని దించడం కత్తిమీద సాము, ట్రైనింగ్‌లోనే దాని వల్ల ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. సరిహద్దు దాటి మన వైపుకి వచ్చాక అంకుల్ అడిగారట. "నావ్, దూకుతావా? నేను పట్టుకుంటాను."

"మీరు?"

"నువ్వు దూకాక చూద్దాం."

నాన్న పారాచూట్ ప్యాక్ ఛాతీకి తగిలించుకున్నారు. తలుపు దాకా వెళ్ళి దాని మీద చెయ్యి కూడా వేశారట. అప్పుడు గుర్తొచ్చిందట, ఆ చీకట్లో, ఊళ్ళన్నీ దీపాలు ఆర్పేసిన ఆ రాత్రి, కింద మ్యాపు చూసి దారి చెప్పేవాడు లేకపోతే అంకుల్‌కి రన్‌వే ఎలా దొరుకుతుంది అని. ఆ ప్యాక్ ఛాతీ మీద ఉంటే బల్ల మీదికి వంగడం కుదరలేదు. విప్పి పక్కన పడేశారు. పెన్సిలు తీసుకున్నారు. "ఎడమకి పన్నెండు డిగ్రీలు తిప్పండి" అన్నారు. అంకుల్ మళ్ళీ ఏమీ అడగలేదట.

ప్యాక్ విప్పిన ఆ క్షణం గురించి నాన్న చెప్పింది ఒక్కసారే. అదీ అమ్మ ఇంట్లో లేనప్పుడు.

ఇంటికి వచ్చినప్పుడు ఆయన గడ్డం మాసి, కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. అమ్మ ఏడవలేదు. నీళ్ళు కాచి స్నానానికి పెట్టింది. ఆయన బాత్రూంలోకి వెళ్ళాక, నేల మీద అప్పటిదాకా ఎవరినీ ముట్టుకోనివ్వని ఆ ఒక్క గింజనీ తీసి, కళ్ళకద్దుకుని పీట గుంటలో వేసింది.

డిసెంబరు 17 రాత్రి 8 గంటలకి కాల్పులు ఆగాయి. లైన్లో అందరూ ఒకేసారి లైట్లు వేశారు. పిల్లలం ఒకరి మొహాలు ఒకరం కొత్తగా చూసుకున్నాం.

*

మా లైన్లో దీపాలు వెలిగిన ఆ రాత్రి వెలగని ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. 1971లో వెళ్ళి తిరిగిరాని వాళ్ళలో 54 మంది పాకిస్తాన్ జైళ్ళలో ఉండి ఉంటారని మన ప్రభుత్వం ఒక జాబితా తయారుచేసింది. ఎయిర్‌ఫోర్స్ వాళ్ళూ అందులో చాలామంది, కాన్‌బెర్రా వాళ్ళూ ఉన్నారు. మా దగ్గర ఎవరూ లేరని పాకిస్తాన్ అంటూనే ఉంది. జాతీయ బ్యాడ్మింటన్ చాంపియన్, అర్జున అవార్డు గ్రహీత దమయంతి తాంబే భర్త సుఖోయ్-7 మీద వెళ్ళి తిరిగిరాలేదు. పెళ్ళయి అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు. ఆవిడ దశాబ్దాల తరబడి ఆఫీసుల చుట్టూ తిరుగుతూ ఆయన కోసం వెతుకుతూనే ఉన్నారు. 2007లో 14 మంది బంధువులని పాకిస్తాన్ జైళ్ళు చూడనిచ్చారు. మనవాళ్ళెవరూ కనపడలేదు.

ఆవిడ గురించి పేపర్లో వచ్చినప్పుడల్లా అమ్మ కత్తిరించి దాచేది. ఎందుకమ్మా అంటే, "నాది తెల్లవారేదాకానే. ఆవిడది ఇంకా తెల్లవారలేదు" అంది.

మా అబ్బాయి ఇంగ్లండ్‌లో ఉంటాడు. కొన్నేళ్ళ క్రితం వెళ్ళినప్పుడు లింకన్ తీసుకెళ్ళాడు. రెండో ప్రపంచయుద్ధంలో బాంబర్లలో ఎగిరి చనిపోయిన వాళ్ళకి అక్కడ ఒక కొండ మీద స్మారకం కట్టారు. 102 అడుగుల ఇనుప స్తంభం. లాంకాస్టర్ బాంబర్ రెక్కల కొస నుంచి కొసకి ఎంత దూరమో అంత ఎత్తు. చుట్టూ తుప్పు రంగు ఇనుప గోడలు, వాటినిండా దాదాపు 58 వేల పేర్లు, అక్షరాల్లో రంధ్రాలు పడేలా కోసినవి. వాటిలోంచి వెనకున్న ఆకాశం కనపడుతుంది. నేను అక్కడ ఒక పేరు వెతుక్కున్నాను, లెస్లీ మాన్సర్. న్యూఢిల్లీలో పుట్టిన ఇంగ్లీషు కుర్రాడు. 1942లో కొలోన్ మీద వెయ్యి బాంబర్లు వెళ్ళిన రాత్రి అతని విమానానికి దెబ్బ తగిలింది, ఒక ఇంజిన్ అంటుకుంది. మిగతా ఆరుగురూ దూకేదాకా విమానాన్ని తిన్నగా పట్టుకున్నాడు. తనకి పారాచూట్ అందిస్తే వద్దని చెయ్యి ఊపాడట. ఇరవై ఏళ్ళు. ఆరుగురిలో అయిదుగురు శత్రువులకి చిక్కకుండా ఇంటికొచ్చి చెప్పారు కాబట్టి తెలిసింది. విక్టోరియా క్రాస్ ఇచ్చారు.

నేను ఆ పేరు మీద వేలు పెట్టి నిలబడ్డాను. చల్లగా ఉంది. అంకుల్ ఇచ్చిన మాటకి అసలు అర్థమేమిటో నాకు ఆ ఇనుము ముట్టుకున్నాక తెలిసింది. చిన్నప్పట్నుంచీ అది అమ్మకి దక్కిన ధైర్యమనే అనుకున్నాను. అది ఎవరి వాటాలోంచి తీసి ఇచ్చారో నేనూ ఆలోచించలేదు.

అమ్మ మాత్రం అప్పటికే ఆలోచించింది, అడిగేసింది కూడా.

*

2007 మే నెలలో ఆగ్రాలోనే కాన్‌బెర్రాలకి వీడ్కోలు చెప్పారు. యాభై ఏళ్ళు పనిచేశాక. అప్పటికి అవి బాంబులు వేసేవి కావు, ఆకాశం నుంచి ఫోటోలు తీసేవి. నాన్న, అంకుల్ వెళ్దామనుకున్నారు. ఎండ మండిపోతోంది, డెబ్భై దాటిన వాళ్ళు, వద్దన్నాం. వినలేదు. అమ్మా ఆంటీతో పాటు తోడుగా నేనూ వెళ్ళాను. వాళ్ళిద్దరూ విమానం ముక్కు దగ్గర నిలబడ్డారు. నాన్న పక్క తలుపు మీద చెయ్యి వేశారు. అంకుల్ నాన్న భుజం మీద చెయ్యి వేశారు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు, నేను ఫోటో కూడా తీయలేకపోయాను.

ఆ రాత్రి హోటల్ గదిలో మగవాళ్ళు పడుకున్నాక అమ్మ, ఆంటీ, నేను బాల్కనీలో కూర్చున్నాం. కరెంటు పోయింది. చీకటి వాళ్ళకి అలవాటేగా. అమ్మ అడిగింది. "దీదీ, ఆ రోజు వీర్‌జీ నాకు మాట ఇస్తుంటే నీకు బాధ కలగలేదా? నీకూ చిన్న పిల్లాడు. ఆయనకి సీటు ఉంది. నాకు మాట ఇవ్వబట్టే ఆ సీటు ఆయనకి లేకుండా పోయింది కదా."

ఆంటీ చాలాసేపు చున్నీ కొంగు వేలికి చుట్టుకున్నారు. అమ్మ చెప్పిన ఆ అలవాటు నేను మొదటిసారి కళ్ళారా చూశాను.

"కలిగింది" అన్నారు. "ఇంటికి వెళ్ళాక దెబ్బలాడదామనుకున్నాను. పిల్లాణ్ణి పడుకోబెట్టి, మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన బూట్లు విప్పుకుంటూ నా వైపు చూశారు. అప్పుడు అనిపించింది, నావ్‌ని వదిలేసి ఈయనొక్కడే తిరిగొస్తే, ఆ మనిషితో నేను జీవితమంతా ఎలా ఉండాలి? నేను చేసుకున్నది ఆ మనిషిని కాదు కదా. అందుకే ఛోటీ, ఆ గింజ మిగిలిన రాత్రి నేను వాహెగురుని ఆయన్ని పంపమని అడగలేదు. ఇద్దర్నీ పంపు, లేదంటే ఈయన్ని ఒక్కణ్ణి మాత్రం పంపకు అని అడిగాను."

అమ్మ లేచి వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆంటీ మోకాలి మీద తల పెట్టుకుంది. డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి, చిన్నపిల్లలా. ఆవిడ అమ్మ జడ సవరిస్తూ ఉన్నారు. లోపల గదిలో అంకుల్ దగ్గు వినపడింది, తర్వాత నాన్న ఏదో అడగడం, ఆయన జవాబు చెప్పడం. వాళ్ళూ నిద్రపోలేదన్నమాట.

పొద్దున స్టేషన్‌లో ఆంటీ అన్నారు, "నీ గిన్నె నా దగ్గరే ఉంది, తెలుసుగా. చండీగఢ్ రా, నింపి ఇస్తాను."

మాకు ట్రాన్స్‌ఫర్ వచ్చి ఆగ్రా వదిలిన రోజు అమ్మ ఆఖరిసారిగా ఆ గిన్నెలో పులిహోర పెట్టి పంపింది. రైలుకి టైమైపోయింది. ఆవిడ ఖాళీ గిన్నె చేతిలో పట్టుకుని కంచె దగ్గర నిలబడి, "ఖాళీగా ఎలా ఇస్తాను, ఈసారి ఇస్తాను" అని కళ్ళు తుడుచుకోవడం నాకు గుర్తుంది. ఆ ఈసారి కుదరలేదు. అమ్మ చండీగఢ్ వెళ్ళనే లేదు. ముందు నాన్న ఆరోగ్యం, తర్వాత తనది.

*

నిన్న రాత్రి ఆంటీ మనవరాలు వాట్సాప్‌లో వీడియో కాల్ చేసింది. దాది సామాన్లు సర్దుతున్నారట. పూజ అల్మారాలో, ఆవిడ ప్రార్థన పుస్తకం, గుట్కా అంటారు, దాని పక్కన ఒక స్టీలు గిన్నె ఉందట. "దీన్ని ఎవరికీ ఇవ్వద్దు, హైదరాబాద్ పంపండి, ఖాళీగా మాత్రం పంపద్దు అని దాది చాలాసార్లు చెప్పింది. పిన్నీలు చేసి పెట్టి కొరియర్ చేస్తాను ఆంటీ. మీ అడ్రస్ పంపండి" అంది.

గిన్నెని ఫోను దగ్గరికి తెచ్చింది. తోమీ తోమీ అక్షరాలు అరిగాయి, కానీ ఉన్నాయి. చుక్కలు చుక్కలుగా.

"ఇక్కడ ఏం రాసుంది? దాది దీని మీద వేలు రాస్తూ కూర్చునేది. మాకెవరికీ చదవడం రాదు."

నేను కళ్ళద్దాలు తుడుచుకుని చదివాను. ముందు అమ్మ పేరు, దాని కింద నాన్న పేరు. ఆ పిల్ల అమ్మ పేరు తప్పుగా పలికింది. నేను మళ్ళీ చెప్పాను. మళ్ళీ పలికింది. ఈసారి సరిగ్గా వచ్చింది.